కళ్ళజోడు కాలి సందున

రోజంతా అద్దాలు అరగదీస్తాను.
శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, మెట్ల కింద కొట్టు.
తిరిగే రాతి మీద నీళ్ళు చుక్కచుక్కగా,
రాతికి ఆనించి ఎవరిదో మైనస్ మూడు.
పొద్దున తొమ్మిది నుంచీ కీచుమని ఒకటే స్వరం.
సాయంత్రానికి అది
పంటి కింద ఇసక.

అందుకే కొన్నాను,
పదమూడు వందల యాభై పెట్టి,
చెవుల్ని రెండు దోసిళ్ళలా మూసేవి.
డబ్బా మీద పెద్దక్షరాల్లో బేసు.
నాక్కావలసిందీ అదే.
పాట కింద కాస్త నేల.

రెండో ఎండాకాలానికి మెత్తలు పొట్టు రాల్చాయి.
"మసి పూసుకొచ్చినావేటి?" అంది బస్సులో పక్క సీటావిడ
నా చెవి చూసి.
మసి సరే,
పాటలో నేల పోయింది.
గొంతులున్నాయి, తాళాలున్నాయి,
గంజి పెట్టని కోకలా
ఒంటికి నిలవడం లేదు.

ఫోన్లో బేసు గీతని పైకి తోశాను.
ఇంకా పైకి.
వచ్చింది.
నాగావళికి కొత్తనీరొచ్చినట్టు
ఎర్రగా, చిక్కగా,
మాటల్నన్నిటినీ ముంచేస్తూ.

తవిటినాయుడు రేడియోల కాలం మనిషి.
కొట్లో ఫ్యాను కూడా తను చుట్టిన తీగతోనే తిరుగుతుంది.
హెడ్‌ఫోన్ తన చెవిన పెట్టుకోలేదు.
నన్నే పెట్టుకోమని, ఎదురుగా స్టూలు లాక్కుని
దర్జీలా నా చెంపలు చూశాడు.
రెండరచేతులతో రెండు వైపులా నొక్కాడు.

గుండెలో పడింది దెబ్బ.
చేతులు తీశాడు. పోయింది.
నొక్కాడు. వచ్చింది.

"బేసు నేకపోడం కాదు బావూ,
ఉన్నదే కారిపోతంది.
సన్నగొంతుకి సందున్నా పర్నేదు, సూటిగా సెవిలోకెల్లిపోద్ది.
ఇది అలాక్కాదు, మూసిన కుండలో గాలి.
సిల్లు పడితే ఏటుంటాది?"

కొత్త మెత్తలు నూట ఎనభై.
అవి వేశాక కూడా ఎడమవైపు ఏదో తక్కువ.
వేలితో తడుముకుంటూ వచ్చి
నా కళ్ళజోడు కాలు పట్టుకున్నాడు.
మెత్తకీ చర్మానికీ మధ్య
పెన్సిలంత కాలువ.
"ఇదిగో దొంగ. మీ సరుకే."
పొట్ట పట్టుకుని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
దళసరి కాళ్ళయితే ఎక్కువ మన్నుతాయని
వచ్చినవాళ్ళందరికీ ఆ ఫ్రేమే అంటగడుతున్నాను మూడేళ్ళుగా.

ఫోన్ లాక్కుని నా గీతల కొండలన్నీ చదును చేశాడు.
"కిందోడ్ని మెడట్టుకుని పైకి లాగీకు.
పైవోల్లని కూసింత కూకోమను.
ఆడే ఇనబడతాడు."

కాంప్లెక్సులో బల్ల మీద కూర్చుని
కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.
బూర్జలో నిరుడొక రాత్రి ఫోన్లో పట్టుకున్న జముకుల కథ.
ఇన్నాళ్ళూ అందులో కథే విన్నాను.
ఇప్పుడు జముకు.
చంకలో ఇరికించుకుని ఎర్రమ్మ తీగ లాగుతోంది,
బిగిస్తే స్వరం తల ఎత్తుతుంది, వదిలితే మోకాళ్ళ మీద కూలబడుతుంది,
ఆ కూలబడడం
నా పక్కటెముకల్లో.
ఊపిరి కోసం ఆమె ఆగిన చోట
ఎక్కడో పొలంలో పంపుసెట్టు.
ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను,
వినలేదు దాన్ని.

అద్దాల్లేని కళ్ళకి బస్సులన్నీ ఎర్రటి ముద్దలు,
జనం తడిసిన రంగులు.
మధ్యలో ఒకసారి బల్ల అడుగు నుంచి అదిరింది,
తొడల్లోంచి వెన్నులోకి,
ఎంత బాగుందో.
ఎర్రమ్మే అనుకున్నాను.

ఏడూ పదికి పాలకొండ బస్సు.
మలుపు తిరుగుతుండగా జోడు పెట్టుకుని
దాని వెనక బోర్డు
ఒక్క అక్షరం పోకుండా చదివాను.